వాల్టర్ వైట్ వద్దన్న డబ్బు

మా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి కోనసీమ వచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే నన్ను అడిగే మొదటి మాట: "మామయ్యా, ఎన్నో సీజన్‌లో ఉన్నారు?" షుగరు ఉన్నవాళ్లను డాక్టరు అడిగినట్టే అడుగుతాడు. షుగరు ఉన్నవాళ్లలాగే నేనూ మాట మార్చేస్తాను.

వాడు అడిగేది బ్రేకింగ్ బ్యాడ్ గురించి. అమెరికాలో ఏఎంసీ అనే ఛానల్‌లో 2008 జనవరి 20న మొదలై 2013 సెప్టెంబరు 29న ముగిసిన నేరకథ అది. 5 సీజన్లు, 62 ఎపిసోడ్లు. సృష్టికర్త విన్స్ గిలిగన్. న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీ నగరంలో వాల్టర్ వైట్ అని ఒక హైస్కూలు కెమిస్ట్రీ మాస్టారు ఉంటాడు. యాభై నిండగానే ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడుతుంది. తను పోయాక ఇంటిల్లిపాదికీ ఏదో ఒకటి మిగలాలని, తన పాత విద్యార్థి జెస్సీ పింక్‌మన్‌తో కలిసి మెథాంఫెటమైన్ అనే మత్తుమందు వండటం మొదలుపెడతాడు. ఇంటి కోసం మొదలైన వంట పోను పోను అహంకారం కోసం సాగుతుంది. కథ కొంత చెప్పేస్తున్నాను. ఇంకా చూడనివాళ్లు ఎవరైనా ఉంటే క్షమించాలి. ఉంటారని నాకు నమ్మకం లేదు.

నేను 33 ఎపిసోడ్లు, అంటే మూడు సీజన్లు పూర్తిగా చూశాను. నచ్చలేదు. అక్కడితో ఆపేశాను.

ఆ మాట బయటికి అన్నప్పుడు మూడు రకాల జవాబులు వచ్చాయి. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. మా స్టాఫ్ రూములో కెమిస్ట్రీ ఆయన ఎంతో మర్యాదగా, "మీకు ఇంగ్లీషు సరిగ్గా అంది ఉండదు మాస్టారూ" అన్నారు. మేనల్లుడు, "నాలుగో సీజన్ దాకా ఓపిక పట్టండి" అన్నాడు. మా ఆవిడ మాత్రం, "ఊరంతా ఎగబడేదాంట్లో సరుకుండదు, వదిలేయండి" అని నా వైపు మాట్లాడింది. మూడోది వినడానికి హాయిగా ఉంది. కానీ మూడింటిలోకీ పూర్తిగా తప్పైనది అదే.

సరుకుంది. రెండో సీజన్ మొదట్లో నలుపు తెలుపుల్లో ఈత కొలను కనిపిస్తుంది, నీళ్లలో ఒంటికన్ను ఎలుగుబంటి బొమ్మ తేలుతుంటుంది, ఆ బొమ్మ ఒక్కటే గులాబీ రంగు. అదేమిటో సీజన్ చివరిదాకా తెలియదు. ఆ సీజన్‌లో ఆ బొమ్మ కనిపించే నాలుగు ఎపిసోడ్ల పేర్లను వరసగా చదివితే, ఆల్బకర్కీ మీద 737 విమానం కూలిందని వస్తుంది. జవాబును ముందే మన చేతిలో పెట్టి చివరిదాకా వెతికించారన్నమాట. ఆ 737కు ఇంకో అర్థం కూడా ఉంది. ఆ సీజన్ తొలి ఎపిసోడ్‌లో వాల్టర్ తన కుటుంబానికి ఎంత కావాలో లెక్కవేస్తాడు. పిల్లల చదువు, ఇంటి అప్పు, నెలవారీ ఖర్చు, ఏటేటా పెరిగే ధరలు, అన్నీ కలిపి 7,37,000 డాలర్లు. చావబోయే మనిషి పైకి లెక్క కడుతున్న ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లముందుంది. ఆ ఎడారి కూడా నచ్చింది. కోనసీమలో పుట్టినవాడికి దూరం కనబడటమే ఒక వింత. కాలువ గట్టెక్కి చూసినా కొబ్బరి తోట అడ్డం వస్తుంది. ఈ కథలో తెర నిండా ఆకాశం, కింద చీమంత మనిషి.

మరి ఇవన్నీ మెచ్చుకున్నవాడికి నచ్చకపోవడం ఏమిటి? చిక్కంతా "నచ్చింది" అనే మాటలోనే ఉంది. మూడు వేరువేరు సంగతులను మనం ఆ ఒక్క మాటలో కుక్కేస్తాం. పనితనాన్ని మెచ్చుకోవడం ఒకటి. కథలో లీనమైపోవడం ఒకటి. నలుగురూ ఆనందిస్తున్నచోట మనమూ ఉన్నామన్న సంబరం ఒకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది రాదు. మూడోది ఉంటే మొదటి రెండూ ఉన్నాయో లేదో ఎవరూ తరచి చూడరు.

ముందు ఆ నలుగురి సంగతి చూద్దాం. ఈ కథను మొదట అందరూ చూడలేదు. హాలీవుడ్ రచయితల సమ్మె మూలంగా మొదటి సీజన్ ఏడు ఎపిసోడ్లకే ఆగిపోయింది. తొలి ఎపిసోడ్‌ను టీవీలో చూసినవాళ్లు 15 లక్షల లోపే. చివరి ఎపిసోడ్ నాటికి ఆ సంఖ్య కోటి దాటింది. పాత సీజన్లు నెట్‌ఫ్లిక్స్‌లోకి రావడం, అక్కడ చూసినవాళ్లు పక్కవాళ్లకు చెప్పడం, ఆ పక్కవాళ్లు పాతవన్నీ చూసేసి టీవీ ముందుకు చేరడం దీనికి పెద్ద కారణం. 2013లో ఎమ్మీ అవార్డు అందుకున్నప్పుడు గిలిగన్ కూడా ఆ ఋణం ఒప్పుకున్నాడు. అంటే ఇది ఒకరి చేత ఒకరు చూపించుకున్న కథ. అందుకే నచ్చలేదనడం కష్టం. విస్తట్లో వడ్డించినదాన్ని పక్కకు తోస్తే వంటకాన్ని కాదు, వడ్డించినవాళ్లను అన్నట్టు అవుతుంది కదా.

జనాదరణ వస్తువు మీద ఎంత ఆధారపడుతుంది, జనం మీద ఎంత ఆధారపడుతుంది అన్నదానికి 2006లో అమెరికాలో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక చక్కని ప్రయోగం ప్రచురించారు. ఎవరికీ తెలియని బృందాలవి 48 పాటలు తీసుకుని 14,000 మందికి పైగా వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడగొట్టి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా చేశారు. ఒక గుంపులో నెత్తికెక్కిన పాట మరో గుంపులో ఎక్కడో కింద పడి ఉంది. మొదట్లో నలుగురు అటు మొగ్గితే వెనకాలవాళ్లంతా అటే నడిచారు. అయితే ఒక్క మాట: నిజంగా మంచి పాటలు అట్టడుక్కి పోవడం, చెత్త పాటలు పైకెక్కడం మాత్రం అరుదు. కాబట్టి జనం ఎగబడ్డారు కనుక గొప్పదనీ చెప్పలేం, ఎగబడ్డారు కనుక సరుకు లేదనీ చెప్పలేం. మా ఆవిడ వాదం ఇక్కడ వీగిపోయింది. ఈ సంగతి ఆవిడకు ఇంకా చెప్పలేదు.

మేనల్లుడి వాదానికి మర్యాదగా ఒక పేరుంది. ఇప్పటికే పెట్టిన ఖర్చు కోసం ఇంకా ఖర్చు పెట్టడం. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు దీన్ని నాటకాల సీజన్ టిక్కెట్ల మీద పరీక్షించారు. పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లు, తగ్గింపు ధరకు దొరికినవాళ్లకన్నా ఎక్కువ నాటకాలకు వెళ్లారు, సీజన్ మొదటి సగంలో. నాటకాలు అవే. తేడా జేబులో ఉంది. కరిచే చెప్పును డబ్బు పోశాం కదా అని వేసుకు తిరగడం లాంటిదే ఇది. 62 ఎపిసోడ్లంటే ఒక్కోటి 47 నిమిషాల చొప్పున చూసినా 48 గంటలు దాటుతుంది. రెండు పగళ్లు, రెండు రాత్రులు. అంతసేపు కూర్చున్నాక నచ్చలేదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. పైగా మళ్లీ మళ్లీ చూసిన ముఖం మీద మనకు తెలియకుండానే కొంత ఇష్టం పుడుతుందని రాబర్ట్ జాయంట్స్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1968లోనే చూపించాడు. కాబట్టి "ఓపిక పట్టండి" అనే సలహా పనిచేస్తుంది. అది నచ్చడమా, అలవాటా అన్నది వేరే ప్రశ్న.

కలిసి చూడటంలో ఉన్న బలం మాత్రం చిన్నది కాదు. దానికి నాకు పరిశోధకులు అక్కర్లేదు. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటకు వస్తే చాలు. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు ఆ కొబ్బరి తోటకు చేరతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక అనే కాలువ దాటి రావాలి. పీకల్లోతు నీళ్లలో కుర్రాళ్లు నడుస్తుంటారు, వాళ్ల భుజాల మీద అంతెత్తు ప్రభ నిటారుగా కదులుతుంటుంది, శరభ శరభ అని అరుపులు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మా సహోద్యోగి ఒకాయనను ఒకసారి తీసుకెళ్లాను. గంటసేపు ఎండలో నిలబడి, "వెదురుకు బట్టలు కట్టి మోస్తున్నారు, అంతేగా?" అన్నారు. ఆయన కళ్లకు కనిపించినది అంతే, అందులో తప్పేమీ లేదు. నా గొంతు పూడుకుపోవడానికి కారణం ఆ వెదురులో లేదు. ఇరవై ఏళ్ల వయసులో ఆ బరువు నా భుజం మీద ఉంది.

2008 నుంచి 2013 దాకా వారం వారం ఎదురుచూసి, సీజన్‌కూ సీజన్‌కూ మధ్య నెలల తరబడి ఊహాగానాలు చేసుకుని, ఆఫీసుల్లో వాదించుకున్నవాళ్లు బ్రేకింగ్ బ్యాడ్‌ను అలా మోశారు. నాకు అది అయిపోయిన తీర్థంలా అందింది. రాత్రి భోజనాలయ్యాక, ఒంటరిగా, ల్యాప్‌టాప్‌లో, పక్క గదిలోవాళ్లకు వినపడకుండా చెవిలో తీగ పెట్టుకుని.

అయినా ఇది పూర్తి జవాబు కాదు. ఒంటరిగా చూసినవి, ఆలస్యంగా చూసినవి నాకు నచ్చినవి చాలా ఉన్నాయి. అందుకని చివరికి నా సొంత బీరువా తెరిచాను. అక్కడ అభినవగుప్తుడున్నాడు.

పదో శతాబ్దం చివరా పదకొండో శతాబ్దం మొదటా కాశ్మీరంలో జీవించిన ఈయన భరతుడి నాట్యశాస్త్రానికి అభినవభారతి అనే వ్యాఖ్య రాశాడు. అందులో రసానుభవానికి అడ్డుపడే ఏడు విఘ్నాలు చెప్పాడు. పాఠంలో చెప్పేటప్పుడు పిల్లలు ఆవలించే భాగం ఇది. నాకు మాత్రం ఇక్కడ ఒక మెలిక కనిపించింది. నచ్చలేదంటే మనం సాధారణంగా "ఇందులో ఏం లేదు?" అని అడుగుతాం, లేదా "నాలో ఏం లేదు?" అని కుములుతాం. ఆయన "మధ్యలో ఏది అడ్డం?" అని అడుగుతాడు. కథా నేరస్థురాలు కాదు, చూసేవాడూ నేరస్థుడు కాదు. దారిలో ఏదో పడి ఉంది, అదేమిటో చూడాలి.

ఒక విఘ్నం పేరు ప్రతీత్యుపాయవైకల్యం. గ్రహించడానికి కావలసిన సాధనం సరిగా లేకపోవడం. కెమిస్ట్రీ ఆయన మాటలో సగం నిజం ఇక్కడుంది. నాకు ఇంగ్లీషు అర్థమవుతుంది, కానీ ఆ యాసలో చెవికి కాదు, తెర అడుగున వచ్చే అక్షరాల ద్వారా కంటికి అర్థమవుతుంది. వాల్టర్ పాత్ర వేసిన బ్రయన్ క్రాన్‌స్టన్ నటన అంతా ముఖంలో ఉంటుంది. భార్యతో అబద్ధమాడేటప్పుడు నోరు ఒక మాట చెబుతుంది, కనుబొమ ఇంకొకటి చెబుతుంది. నేను మాట చదివి తలెత్తేసరికి కనుబొమ పని అయిపోయేది. వెనక్కి జరిపి మళ్లీ చూసేవాణ్ణి. పది మంది నవ్వాక పదకొండోవాడిగా నవ్వడం ఎలా ఉంటుందో అలా ఉండేది.

ఇంకొకటి సంభావనావిరహం. ఇది జరిగి ఉంటుందన్న నమ్మకం కుదరకపోవడం. రెండో సీజన్ చివర కూలే ఆ విమానం నాకు మింగుడుపడలేదు. వాల్టర్ కళ్లముందే ఒక అమ్మాయి చనిపోతుంది, అతను కాపాడగలిగీ కాపాడడు. ఆ అమ్మాయి తండ్రి విమానాలకు దారి చూపే ఉద్యోగి. దుఃఖంలో ఉన్న అతని పొరపాటు వల్ల రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని, ఆ శకలాలు వచ్చి సరిగ్గా వాల్టర్ ఇంటి మీదే పడతాయి. కర్మఫలం సంగతి అర్థమైంది, కానీ మరీ బిగించి అల్లిన బుట్టలా అనిపించింది. నిజం చెప్పాలంటే ఇంతకు పదింతల కాకతాళీయాలు మహాభారతంలో ఉన్నాయి, అక్కడ నాకు కించిత్తు కూడా అనుమానం రాదు. దానికీ అభినవగుప్తుడే కారణం చెప్పాడు. అనాదిగా విన్న పాత్రల మీద నమ్మకం వేళ్లూని ఉంటుంది, అందుకే అలౌకికమైన పనులకు ప్రసిద్ధులైన నాయకులను తీసుకోవాలన్నాడు. వాల్టర్ వైట్‌కు నా దగ్గర అంత పలుకుబడి లేదు.

చెడ్డవాడు కథానాయకుడు కావడం మనవాళ్లకు పడదని కొందరు తేల్చేస్తారు. ఈ మాట అనేవాళ్లు మా వైపు తీర్థాల్లో పద్యనాటకం చూసి ఉండరు. దుర్యోధనుడి పద్యానికి పడినన్ని వన్స్‌మోర్లు ధర్మరాజుకు ఎన్నడూ పడలేదు. 1977లో దానవీరశూరకర్ణ వచ్చినప్పుడు ఎన్‌.టి. రామారావు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే వేశారు. జనం నోళ్లలో నిలిచిన డైలాగులు మాత్రం దుర్యోధనుడివి. చెడ్డవాణ్ణి నెత్తిన పెట్టుకోవడంలో మనకెవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఒక పాత్ర పక్కన ఉండటం వేరు, పక్షాన ఉండటం వేరు. ముర్రే స్మిత్ అనే సినిమా పండితుడు 1990ల్లో ఈ తేడాను శాస్త్రంగా చెప్పాడు. కెమెరా ఎవరి వెంట నడిస్తే మనం వాళ్ల పక్కన ఉంటాం. వాళ్లకు తెలిసినదే మనకు తెలుస్తుంది, వాళ్ల భయమే మన భయమవుతుంది. కానీ పక్షం వహించడానికి అది చాలదు, ఆ మనిషిని మన మనసు ఎక్కడో ఒకచోట సమర్థించాలి. బ్రేకింగ్ బ్యాడ్ పన్నాగమంతా ఇదే. మొదట మనల్ని వాల్టర్ పక్షాన చేర్చి, ఆ తర్వాత మెల్లమెల్లగా నేల లాగేస్తూ, ఎంతదాకా అతనితో వస్తామో చూడటం. ఎవరు ఎక్కడ దిగిపోయారన్నది అభిమానులకు ఇష్టమైన చర్చ.

నేను హత్య దగ్గర దిగిపోలేదు. అది చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మూడో ఎపిసోడ్‌లో వాల్టర్ ఒక మనిషిని నేలమాళిగలో కట్టేసి, అన్నం పెడుతూ, కబుర్లు చెబుతూ, వదిలేద్దామా అని ఊగిసలాడతాడు. ఒక పళ్లెం పగులుతుంది. ఆ ముక్కలను చెత్తబుట్టలోంచి తీసి ఒక్కొక్కటే పేరుస్తాడు. గుండ్రంగా కుదిరిన పళ్లెంలో కత్తి ఆకారంలో ఒక్క ముక్క తక్కువ. అది కింద ఆ మనిషి చేతిలో ఉందని అర్థమైన క్షణాన నేను పూర్తిగా వాల్టర్ పక్షాన ఉన్నాను. ఆ తర్వాత జరిగినదానికీ నా మనసు ఒప్పుకుంది.

నేను దిగిపోయినది ఐదో ఎపిసోడ్‌లో. అందులో హత్యలు లేవు, ఒక పుట్టినరోజు విందు ఉంది. ఒకప్పుడు వాల్టర్‌తో కలిసి కంపెనీ పెట్టిన స్నేహితుడు ఎలియట్ శ్వార్జ్ ఇప్పుడు కోటీశ్వరుడు. శ్వార్జ్ అంటే జర్మన్‌లో నలుపు, వైట్ అంటే తెలుపు, రెండూ కలిపి కంపెనీకి గ్రే మ్యాటర్ అని పేరు పెట్టుకున్నారు. వాల్టర్ మొదట్లోనే బయటికి వచ్చేశాడు. జబ్బు సంగతి తెలిసి ఎలియట్ తన దగ్గర ఉద్యోగం ఇస్తానంటాడు, వైద్యానికి బీమా ఉంటుందంటాడు. తర్వాత అతని భార్య గ్రెచెన్ ఫోన్ చేసి ఖర్చు మేం పెట్టుకుంటామంటుంది. వాల్టర్ వద్దంటాడు. వద్దని, తిరిగి జెస్సీ గుమ్మం ముందుకు వెళతాడు. మిగతా 57 ఎపిసోడ్లూ ఆ ఒక్క "వద్దు" మీద నడుస్తాయి.

ఆ రాత్రి మా అమ్మ నిద్రపట్టక వచ్చి నా పక్కన కూర్చుంది. దేవుడి ఒత్తులు చేసుకుంటూ తెర వంక చూస్తోంది. క్యాన్సర్ అని చెప్పాను. "ఆరోగ్యశ్రీ లేదా వాళ్లకి?" అంది. లేదన్నాను. "పోనీ ఆ స్నేహితుడు ఇస్తానంటున్నాడుగా, వద్దంటాడేం?" అంది. అభిమానం అమ్మా అన్నాను. అమ్మ ఒత్తి నలుపుతూనే ఉంది. "మీ నాన్నకి అభిమానం లేకనా?" అంది.

మా నాన్న అంబాజీపేటలో ఒకాయనతో భాగస్వామ్యంలో కురిడీ కొబ్బరి వ్యాపారం చేశాడు. లెక్కల దగ్గర తేడా వచ్చి విడిపోయారు. ఆయన బాగా పైకొచ్చాడు, మా నాన్న రెండెకరాల తోటతో మిగిలాడు. తొమ్మిదేళ్లు మాటల్లేవు. 2004లో నాన్నకు గుండె ఆపరేషన్ అన్నారు. ఆరోగ్యశ్రీ రావడానికి ఇంకా మూడేళ్లు ఉంది. ఒకరోజు దీపాలవేళ ఆయన మా ఇంటికి వచ్చాడు. చేతిలో మిఠాయి దుకాణం సంచి. బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నాన్న నన్ను పిలిచి లెక్కపెట్టమన్నాడు, ఆయన ఎదురుగానే. వంద నోట్లు, ఐదొందల నోట్లు కలిపి 60,000. నాన్న అటక మీంచి ఎర్ర అట్ట పుస్తకం తెప్పించి తారీఖు వేసి రాసుకున్నాడు. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఇద్దరూ కలిపి పది మాటలు మాట్లాడి ఉండరు. ఆ తర్వాత రెండు నెలలకోసారి దింపు తీసినప్పుడల్లా, కాయ అమ్మగా వచ్చినదాంట్లో కొంత ఆయనకు వెళ్లేది. పుస్తకంలో ఒక్కో దింపుకూ ఒక్కో జమ. ఎలుకలు కొట్టిన ఏడాది జమలు చిన్నవి. ఆఖరి జమ 2010లో పడింది.

డబ్బు తీసుకుంటున్నప్పుడు మా నాన్న ముఖం ఎలా ఉందో నేను చూడలేదు, నోట్లు లెక్కపెడుతున్నాను. చెయ్యి మాత్రం చూశాను. పుస్తకం మీద వంకర పోకుండా అంకెలు వేసింది.

వాల్టర్ వద్దన్నప్పుడు నాకు తెర మీద వాల్టర్ కనిపించలేదు. అభినవగుప్తుడి విఘ్నాల్లో మూడోది నిజసుఖాదివివశీభావం. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో చిక్కుకుని ఎదుటి కథలోకి వెళ్లలేకపోవడం. దీనికి విరుగుడుగా ఆయన గానం, వాద్యం, రంగస్థలాన్ని అలంకరించడం చెప్పాడు. సహృదయుడు, అంటే రసాన్ని అందుకోగల మనసున్నవాడు, కానివాణ్ణి కూడా అవి కాసేపు తనను తాను మరిచేలా చేస్తాయన్నాడు. పద్యనాటకంలో దుర్యోధనుడికి కిరీటం ఉంది, రాగం ఉంది, తొడ చరిచే హంగు ఉంది. అక్కడ నేను నన్ను మరిచిపోతాను. వాల్టర్‌కు ఉన్నవి కళ్లజోడు, మాసిన కారు, ఆసుపత్రి బిల్లు. మా ఇంటికి మరీ దగ్గరగా ఉన్నాడు. దగ్గరైతే లీనమవుతామని అందరూ అంటారు. దగ్గరైతే ఒక్కోసారి తలుపు గొళ్లెం పడుతుంది.

కొంత నా అభిప్రాయభేదం కూడా ఉంది, విఘ్నం మీదికి పూర్తిగా నెట్టేయను. ఈ కథలో అభిమానం అంటే వద్దనడం. ఆ అర్థాన్ని మనసు ఒప్పుకున్నవాళ్లకు ఐదో ఎపిసోడ్ నుంచి కథ విద్యుత్తులా పాకుతుంది. నేను పెరిగిన ఇంట్లో అభిమానం అంటే తీసుకుని, రాసుకుని, తీర్చడం. నేను చెప్పే పాఠాల్లోనూ అంతే. అస్త్రవిద్యా ప్రదర్శన మధ్యలో కులమడిగి కర్ణుణ్ణి అవమానించినప్పుడు దుర్యోధనుడు అంగరాజ్యం ఇస్తాడు, కర్ణుడు వద్దనడు. ఆ తీసుకున్నదాని బరువే కురుక్షేత్రం దాకా అతన్ని నడిపిస్తుంది. చెడ్డ పక్షాన నిలబడినవాడి కోసం మనం కళ్లు తుడుచుకునేది అందుకే. దీన్ని తెలుగువాళ్ల స్వభావమని నేను సిద్ధాంతం చేయను. మా మేనల్లుడూ అదే నాన్నకు మనవడు, వాడికి వాల్టర్ వైట్ అంటే ప్రాణం.

ఒక ఎపిసోడ్ మాత్రం నాకు విపరీతంగా నచ్చింది. మూడో సీజన్‌లో పదోది, 2010లో వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి ఉన్న సెట్‌లోనే ఇద్దరు నటులతో తీశారు, దర్శకుడు రయన్ జాన్సన్. లక్షల డాలర్ల రహస్య ల్యాబులోకి ఒక ఈగ దూరుతుంది. వాల్టర్ రాత్రంతా దాన్ని చంపడానికి తంటాలు పడతాడు, కథ అంతే. అభిమానుల్లో సగం మంది దీన్ని తిట్టుకుంటారు. నేను మామిడిపళ్ల రోజుల్లో, దోమల బ్యాటు ఒళ్లో పెట్టుకుని, నా చుట్టూ తిరిగే ఈగను ఓ కంట కనిపెడుతూ చూశాను. నవ్వి నవ్వి పొలమారింది. చివర్లో వాల్టర్ మత్తులో, తను ఏ రోజు పోయి ఉంటే సరిగ్గా సరిపోయేదో లెక్క వేసుకుంటాడు. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఆ 47 నిమిషాలూ మధ్యలో ఏదీ అడ్డం రాలేదు.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు మామూలుగానే అడిగాడు. ఈసారి మాట మార్చలేదు. లోపలికి వెళ్లి ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి వాడి చేతిలో పెట్టాను, సంగతి చెప్పాను. వాడు పేజీలు తిప్పాడు. "తాతయ్య రాతేనా ఇది?" అన్నాడు. దింపుల జమలు ఫోనులో కూడుకుంటూ పోయి, "సరిగ్గా 60,000 వచ్చింది" అన్నాడు. కాసేపాగి, "ఇది నాకెవరూ చెప్పలేదు మామయ్యా" అన్నాడు.

గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తింది. "ఇంతకీ ఆ గుండు మాస్టారు స్నేహితుడి డబ్బు తీసుకున్నాడట్రా?"

మేనల్లుడు నా వంక చూశాడు. చెప్పమన్నాను.

"చివరి ఎపిసోడ్‌లో వాళ్లింటికి వెళతాడు అమ్మమ్మా. తన డబ్బే తొంభై ఏడు లక్షల డాలర్ల పైచిలుకు వాళ్ల బల్ల మీద పేర్చి, ఇది మీరిచ్చినట్టుగా మా అబ్బాయికి ఇవ్వండని బెదిరిస్తాడు."

అమ్మ ఒక కాయ విరిచి పుచ్చు చూసి పక్కన పడేసింది. "అయితే వాళ్ల పేరు మీద తీసుకోక తప్పలేదన్నమాట."

నేను ఆ ముగింపు వినడం అదే మొదటిసారి. ఎన్నో ఎపిసోడ్ అని అడిగాను.

"అరవై రెండోది" అన్నాడు వాడు, అప్పటికే ల్యాప్‌టాప్ తెరుస్తూ. "మధ్యలో ఇంకా 28 ఉన్నాయి మామయ్యా."